ఓడకు పూసిన రంగు.. చేపల దాకా వస్తే?

రాయదుర్గానికి సముద్రం ఆమడ దూరమే కాదు, వందల కిలోమీటర్ల మాట. మెట్రో చివరి స్టేషన్‌లో దిగి ఎటు చూసినా అద్దాల మేడలు, పెద్ద పెద్ద బండరాళ్లు, కొత్తగా లేస్తున్న టవర్లే. ఇక్కడుండే మనకు ఓడలతో పనేంటి అనిపించడం సహజం. కానీ ఒక్కసారి ఇంట్లోకి తొంగి చూడండి. వంటింట్లోని పామాయిల్‌ ఇండోనేషియా, మలేసియాల నుంచి ఓడ ఎక్కి వచ్చిందే. మన దేశ విదేశీ వ్యాపారంలో, సరకు పరిమాణం లెక్కన, దాదాపు 95 శాతం సముద్రం మీదుగానే సాగుతుంది. ఇక ఆదివారం పులుసులోకి వచ్చే వంజరం, వేపుడుకు తెచ్చుకునే చందువ సంగతి సరేసరి. విశాఖ, కాకినాడ రేవుల్లో తెల్లవారుజామున వేలం వేసిన చేపలు ఐసు పెట్టెల్లో సర్దుకుని మన గేటు దాకా వస్తున్నాయి.

అందుకే ఓడల అడుగున పూసే రంగు కథ మనకూ సంబంధించినదే. నత్తల సంతతిని అంతం చేసి, ఆయిస్టర్ల సాగును కుప్పకూల్చి, చివరికి ప్రపంచ దేశాలన్నీ కూర్చుని నిషేధించుకోవాల్సి వచ్చిన రంగు అది. ఆ నిషేధం ఎలా వచ్చింది? మనం తినే చేపలకు దాంతో ఏం సంబంధం? ఇంటి గోడలకు వేసుకునే రంగుల విషయంలో దీన్నుంచి ఏం నేర్చుకోవచ్చు? వివరంగా తెలుసుకుందాం.

ఓడ అడుగున ఊరే వెలుస్తుంది!

ఏ వస్తువునైనా సముద్రపు నీళ్లలో కొద్దిరోజులు వదిలేసి చూడండి. మొదట జారుడుగా ఒక జిగురు పొర పడుతుంది. అది సూక్ష్మజీవుల పని. ఆ జిగురు మీద నాచు పట్టుకుంటుంది. తర్వాత బార్నకిల్స్‌ అనే గట్టి పెంకు జీవులు, ఆల్చిప్పలు, గొట్టాల్లాంటి పురుగులు వచ్చి చేరతాయి. ఒకసారి అతుక్కున్నాయంటే గీకినా ఒక పట్టాన ఊడవు.

రక్షణ పూత లేని ఓడ అడుగున ఆరు నెలలు తిరక్కుండానే చదరపు మీటరుకు 150 కిలోల జీవరాశి పట్టవచ్చని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ చెబుతోంది. పెద్ద చమురు ఓడకు నీళ్లలో మునిగి ఉండే భాగమే 40 వేల చదరపు మీటర్లు. అంటే 6 వేల టన్నుల అదనపు బరువు! ఓడ వేగం తగ్గుతుంది. అదే వేగంతో వెళ్లాలంటే 40 శాతం దాకా ఎక్కువ ఇంధనం కాల్చాలి. ఎక్కువ ఇంధనం అంటే ఎక్కువ పొగ, ఎక్కువ గంధకం, ఎక్కువ కార్బన్‌.

దీనికి తోడు ఇంకో బెడద. ఓడకు అతుక్కుని వచ్చే జీవులు కొత్త తీరంలో దిగి స్థిరపడిపోతాయి. ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. మధ్య అమెరికా తీరానికి చెందిన ఒక రకం ఆల్చిప్ప 1960ల చివర్లో విశాఖ రేవులో కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర పరిశోధకులు దాన్ని గుర్తించి 1971లో ప్రకటించారు. తర్వాత అది ముంబయి రేవులోనూ తేలింది. ఇదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌ పడవల రేవుల్లో బయటపడితే, అక్కడి ప్రభుత్వం ఆ రేవులను మూసేసి, నీళ్లలో క్లోరిన్‌, రాగి లవణం కలిపి మరీ నిర్మూలించింది. కాబట్టి ఓడ అడుగును శుభ్రంగా ఉంచుకోవడం తప్పనిసరి. చిక్కంతా దానికి ఎంచుకున్న మార్గంతోనే వచ్చింది.

తారు నుంచి తగరం దాకా

పూర్వం ఓడలన్నీ చెక్కవే. తారు, మైనం, రకరకాల నూనెలు పూసి నెట్టుకొచ్చేవారు. గోదావరి ముఖద్వారాన కోరంగి ఒకప్పుడు ఓడల తయారీకి, మరమ్మతులకు పేరున్న రేవు. పక్కనే ఉన్న తాళ్లరేవులో నేటికీ చెక్క పడవలు కడతారు. చెక్కను తొలిచేసే సముద్రపు పురుగులతో వేగడం ఎంత కష్టమో అక్కడి వడ్రంగులకు తెలుసు. 18వ శతాబ్దంలో బ్రిటిష్‌ నౌకాదళం ఓడ అడుగున రాగి రేకులు తాపడం చేయించింది. రాగి నెమ్మదిగా కరుగుతూ జీవులను దగ్గరకు రానివ్వదు. ఇనుప ఓడలు వచ్చాక రాగి రేకులు కుదరలేదు. రాగి, ఇనుము ఉప్పునీటిలో కలిస్తే ఇనుము తినేస్తుంది. దాంతో రాగి పొడి కలిపిన రంగులు వచ్చాయి.

1950ల్లో నెదర్లాండ్స్‌ శాస్త్రవేత్తలు తగరంతో చేసిన కొన్ని రసాయనాలకు జీవులను చంపే గుణం బలంగా ఉందని కనుగొన్నారు. వాటిలో ముఖ్యమైంది ట్రైబ్యుటైల్‌ టిన్‌. పొట్టిగా టీబీటీ అంటారు. 1960ల్లో ఇది ఓడల రంగుల్లోకి వచ్చింది. 1970ల్లో దీన్ని రంగులోని ప్లాస్టిక్‌ గొలుసుకే కట్టేసే పద్ధతి కనిపెట్టారు. ఓడ కదులుతుంటే పైపొర సబ్బుబిళ్లలా కొద్దికొద్దిగా అరుగుతూ విషాన్ని వదులుతుంది. కింద కొత్త పొర తేలుతుంది. ఒకసారి పూస్తే అయిదేళ్ల దాకా ఢోకా లేదు. ఓడల యజమానులకు ఇంతకన్నా ఏం కావాలి? చూస్తుండగానే ప్రపంచంలోని ఓడల్లో అధికభాగం దీన్నే పూసుకున్నాయి.

నత్తలు చెప్పిన నిజం

ఫ్రాన్స్‌ పశ్చిమ తీరంలో ఆర్కషాన్‌ అనే అఖాతం ఉంది. ఆయిస్టర్ల సాగుకు పెట్టింది పేరు. 1970ల చివర్లో అక్కడ వరుసగా కొన్నేళ్ల పాటు ఆయిస్టర్‌ పిల్లలు నిలవలేదు. పెద్దవాటి పెంకులు పొరలు పొరలుగా ఉబ్బి, గుండ్రటి బంతుల్లా తయారయ్యాయి. లోపల మాంసం కొంచెమే. రైతులు లబోదిబోమన్నారు. ఆరా తీస్తే అదే అఖాతంలో లంగరేసిన వందలాది విహార పడవల రంగు దగ్గర తేలింది. 1982లో ఫ్రాన్స్‌ 25 మీటర్ల లోపు పడవలకు టీబీటీ రంగులు వాడొద్దని ఆదేశించింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే సాగు మళ్లీ కోలుకుంది. కారణం ఏమిటో అంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

ఇంగ్లండ్‌ తీరంలో ఇంకో వింత. ఆడ నత్తలకు మగ అవయవాలు మొలుస్తున్నాయి. 1970లోనే దీన్ని గమనించినా, కారణం టీబీటీ అని తేలడానికి దశాబ్దానికి పైగా పట్టింది. ఆ అవయవం పెరిగి గుడ్లు బయటికొచ్చే దారిని మూసేస్తుంది. గుడ్లు లోపలే ఉండిపోయి ఆడ నత్త చనిపోతుంది. రేవుల దగ్గర నత్తలు కనుమరుగయ్యాయి.

ఇంత అనర్థానికి ఎంత మోతాదు కావాలో తెలుసా? లీటరు నీటిలో ఒకటి రెండు నానోగ్రాములు చాలు. ఒలింపిక్‌ ఈతకొలనులో సుమారు 25 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. లీటరుకు ఒక నానోగ్రాము అంటే ఆ కొలను మొత్తానికి 2.5 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో వందో వంతు అనుకోండి! హార్మోన్ల మీద పనిచేసే రసాయనాల తీరే అంత. మోతాదు చిన్నదని తీసిపారేయడానికి లేదు.

మన ఒంట్లో ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నత్తలకు ముప్పు సరే, మనకు?

టీబీటీ రంగుతో నేరుగా పనిచేసేవారికి ముప్పు ఎక్కువ. చర్మం మంట, బొబ్బలు, కళ్ల మంట, తుమ్ములు, ఊపిరి ఇబ్బంది వంటివి వస్తాయి. డ్రై డాక్‌లో పాత రంగును గీకేవారు, ఇసుకతో పేల్చి ఊడగొట్టేవారు ఆ ధూళిని పీల్చే ప్రమాదం ఉంది.

ఆహారం ద్వారా అందే కొద్దిపాటి మోతాదు విషయంలో ఆందోళన వేరు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఇది రోగనిరోధక వ్యవస్థను, ముఖ్యంగా థైమస్‌ గ్రంథిని దెబ్బతీసింది. దాన్నే ఆధారంగా తీసుకుని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2004లో ఒక హద్దు పెట్టింది. ఈ రకం తగరం రసాయనాలు కొన్నిటికీ కలిపి, ఒంటి బరువు కిలోకు రోజుకు 0.25 మైక్రోగ్రాములు మించకూడదు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 15 మైక్రోగ్రాములు. 15 కిలోల చిన్నారికి నాలుగు మైక్రోగ్రాములు కూడా లేదు. ఒకే కంచంలో ఒకే కూర తిన్నా, పిల్లల హద్దు పెద్దల హద్దులో నాలుగో వంతేనని దీన్నిబట్టి గుర్తుపెట్టుకోవాలి.

2006లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (అర్వైన్‌) శాస్త్రవేత్తలు మరో సంగతి బయటపెట్టారు. కడుపులో ఉన్నప్పుడు టీబీటీ తగిలిన ఎలుక పిల్లల్లో కొవ్వు కణజాలం ఎక్కువగా పెరిగింది. కొవ్వు కణాలను తయారుచేయించే మీటలను ఇది నొక్కుతోందన్నమాట. ఇలా ఊబకాయానికి దోహదం చేసే రసాయనాలకు ‘ఒబెసోజెన్లు’ అనే పేరు అప్పుడే స్థిరపడింది. అయితే ఇది ఎలుకల్లో చూసిన ఫలితం. మనుషుల్లో ఊబకాయానికి ఇదే కారణమని రుజువు కాలేదు. మన లావుకు ఓడ రంగును తిట్టుకునే ముందు కుర్చీలో పది గంటలు కూర్చోవడాన్ని, రాత్రి పదింటికి ఆర్డర్‌ పెట్టే బిర్యానీని గుర్తుచేసుకోవాలి!

ఒప్పందం ఎలా కుదిరింది?

ఫ్రాన్స్‌ తర్వాత 1987లో బ్రిటన్‌, 1988లో అమెరికా చిన్న పడవలకు టీబీటీని కట్టడి చేశాయి. కానీ ఓడకు సరిహద్దులుండవు. ఒక దేశంలో రంగు వేయించుకుని, రెండో దేశం జెండా ఎగరేసి, మూడో దేశం రేవులో విషం వదిలిపెట్టొచ్చు. అందరూ కలిసి ఒప్పుకొంటే తప్ప ఫలితం ఉండదు.

లండన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐక్యరాజ్యసమితికి చెందింది. 1990లో అది 25 మీటర్ల లోపు పడవలకు టీబీటీ ఆపేయాలని దేశాలకు సూచించింది. 1999లో గడువులు నిర్ణయించింది. 2003 జనవరి 1 తర్వాత ఎవరూ కొత్తగా పూయకూడదు. 2008 జనవరి 1 నాటికి ఏ ఓడ మీదా ఉండకూడదు. 2001 అక్టోబరు 5న హానికర ఓడపూతల నియంత్రణ ఒప్పందం ఖరారైంది.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఒప్పందం అమల్లోకి రావాలంటే కనీసం 25 దేశాలు, ప్రపంచ నౌకా సామర్థ్యంలో 25 శాతం ఉన్నవి, సంతకం చేసి ఆమోదించాలి. ఏళ్లు గడిచాయి. చివరికి 2007 సెప్టెంబరులో, అప్పటికి ప్రపంచంలోనే ఎక్కువ ఓడలు నమోదైన పనామా చేరడంతో లెక్క తేలింది. ఏడాది తర్వాత, 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. నేడు 90కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి.

దీని పనితీరు మన కారు కాలుష్య ధ్రువపత్రం లాంటిదే. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే, 400 టన్నుల సామర్థ్యం దాటిన ప్రతి ఓడకూ పూత మీద తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తారు. అంతకంటే చిన్నవైనా, పొడవు 24 మీటర్లు దాటితే, యజమాని సంతకంతో ప్రకటన పత్రం ఉండాలి. ఏ రేవుకు వెళ్లినా అక్కడి అధికారులు ఆ కాగితాలు అడగొచ్చు, అనుమానం వస్తే రంగు నమూనా గీకి పరీక్షకు పంపొచ్చు. పాత టీబీటీ రంగు ఉన్న ఓడ దాన్ని పూర్తిగా ఊడగొట్టాలి, లేదా విషం బయటికి రాకుండా పైన అడ్డుపొర వేసుకోవాలి. యుద్ధనౌకలకు మాత్రం ఈ ఒప్పందం నేరుగా వర్తించదు. వాటి విషయంలో వీలైనంత మేర ఇదే పద్ధతి పాటించాలని దేశాలకు సూచించారు.

మన దేశం, మన రేవులు

భారత్‌ కాస్త ఆలస్యంగా మేల్కొంది. 2014లో మర్చంట్‌ షిప్పింగ్‌ చట్టాన్ని సవరించి హానికర ఓడపూతల నియంత్రణ కోసం ప్రత్యేక భాగం చేర్చారు. 2015లో ఒప్పందంలో చేరాం. అంటే ప్రపంచం గడువు పెట్టిన ఏడేళ్లకు!

ఇందులో మన తెలుగువారి వాటా ఏమిటంటారా? విశాఖ రేవు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ చాటున, సన్నటి కాలువ లోంచి లోపలికి వెళ్లే సహజ నౌకాశ్రయం అది. తుపాన్లకు ఎంత భద్రమో, నీళ్లు మారడానికి అంత కష్టం. సముద్రపు ఆటుపోట్లు లోపలి రేవును పూర్తిగా కడిగెయ్యలేవు. పక్కనే 1941లో పునాది పడ్డ నౌకానిర్మాణ కేంద్రం ఉంది. నేటి హిందుస్థాన్‌ షిప్‌యార్డు అదే. 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ జలప్రవేశం చేసింది అక్కడే. ఓడలు కట్టే, మరమ్మతు చేసే, లంగరేసే ఇలాంటి మూసి ఉన్న రేవుల్లోనే ఓడపూతల అవశేషాలు ఎక్కువగా పేరుకుంటాయని ప్రపంచమంతటా తేలింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు మన దేశ తీరంలోని పలు రేవుల నీటిలో, అడుగు బురదలో ఈ తగరం రసాయనాలను గుర్తించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వెలుతురు, గాలి తగిలే నీటిలో టీబీటీ కొన్ని రోజులు, వారాల్లో విరిగిపోతుంది. కానీ గాలి సోకని బురదలోకి దిగితే ఏళ్ల తరబడి, కొన్నిచోట్ల దశాబ్దాల పాటు అలాగే ఉంటుంది. రేవు లోతు పెంచడానికి పూడిక తీసినప్పుడల్లా మళ్లీ కదులుతుంది. అందుకే పూడిక మట్టిని పరీక్షించాకే ఎక్కడ పోయాలో నిర్ణయించాలి.

మంచి కబురు కూడా ఉంది. నిషేధం పనిచేసింది. నార్వే, బ్రిటన్‌ తీరాల్లో ఏటా నత్తలను పరిశీలిస్తూ వచ్చిన శాస్త్రవేత్తలు అవి కోలుకున్నాయని, పోయినచోటికి తిరిగి వచ్చాయని నమోదు చేశారు. ఆపితే ప్రకృతి తనను తాను బాగుచేసుకుంటుంది.

ఒకటి పోతే మరొకటి!

టీబీటీ పోయాక కంపెనీలు మళ్లీ రాగి వైపు మళ్లాయి. రాగి ఒక్కటే నాచును ఆపలేదు కాబట్టి తోడుగా నాచు మందులు కలిపాయి. వాటిలో ఒకటి సైబ్యుట్రిన్‌. మొక్కలు ఎండను ఆహారంగా మార్చుకునే యంత్రాంగాన్నే ఇది ఆపేస్తుంది. ఓడ మీది నాచుతో పాటు సముద్రగడ్డి, పగడాల్లో కాపురముండే సూక్ష్మ నాచు కూడా దెబ్బతింటుందని తేలింది. 2021లో దీన్నీ ఒప్పందంలో చేర్చారు. 2023 జనవరి 1 నుంచి ఓడలకు దీన్ని పూయడం నిషేధం.

ఇప్పుడు విషం లేని పూతల వైపు అడుగులు పడుతున్నాయి. నాన్‌స్టిక్‌ పెనంలా జారుడుగా ఉండే సిలికాన్‌ పూతల మీద జీవులు గట్టిగా పట్టు చిక్కించుకోలేవు, ఓడ వేగానికే ఊడిపోతాయి. ఖరీదు ఎక్కువ, రేవులోనే నిలబడి ఉండే ఓడలకు అంతగా అక్కరకు రావు. అయినా దారి అదే.

ఈ కథ మన అపార్టుమెంటు దాకా వస్తుంది. వానకు గోడలు నాచు పట్టకుండా వేసే బయటి రంగుల్లోనూ నాచు, బూజు మందులుంటాయి. సైబ్యుట్రిన్‌కు దగ్గరి చుట్టమైన టెర్బుట్రిన్‌, డైయురాన్‌ వంటివి గోడల నుంచి వాననీటితో కొట్టుకుపోయి కాలువల్లో తేలుతున్నాయని ఐరోపాలో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. రాయదుర్గం చుట్టూ దుర్గం చెరువు, మల్కం చెరువు ఉన్నాయి. మన టవర్ల వాననీరు దిగేది ఇలాంటి చెరువుల్లోకే. సొసైటీ వాళ్లు అయిదేళ్లకోసారి బయటి రంగు వేయించేటప్పుడు రంగులో ఏ మందు కలిసిందో కంపెనీని అడగండి. బ్రష్షులు, డబ్బాలు వాననీటి కాలువలో కడగనివ్వకండి.

మరి చేపలు తినొచ్చా?

నిస్సందేహంగా తినొచ్చు. ఇదంతా చదివి చేపలు మానేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ. మాంసకృత్తులు, ఒమేగా-3 కొవ్వులు, విటమిన్‌-డి చేపల్లో దండిగా ఉంటాయి. కడుపులో బిడ్డ మెదడు, కళ్ల ఎదుగుదలకు ఒమేగా-3 అవసరం. చేపలు తమ ఒంట్లో చేరిన టీబీటీని కొంతమేర విరిచి బయటికి పంపగలవు. ఆల్చిప్పలు, నత్తలకు ఆ శక్తి చాలా తక్కువ. పైగా అవి ఉన్నచోటే ఉండి నీటిని వడగట్టుకుంటాయి, బురదను తింటాయి. కాబట్టి జాగ్రత్త పడాల్సింది ఎక్కడో తెలుసుకుంటే చాలు.

• రేవు గోడలకు, లంగరు రాళ్లకు, పాత ఓడలకు పట్టిన ఆల్చిప్పలు, గుల్లలు ఏరుకుని వండుకోవద్దు. విశాఖ, కాకినాడల్లోని బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడూ ఇదే మాట. టీబీటీతో పాటు సీసం, మురుగునీటి క్రిములు కూడా వాటిలో పేరుకుంటాయి.

• ఉడికిస్తే క్రిములు చస్తాయి. తగరం, పాదరసం లాంటివి మాత్రం పోవు. చింతపండు పులుసుకూ, ఉప్పు పసుపు పట్టించడానికీ అవి లొంగవు.

• చేప కాలేయంలో, పేగుల్లో ఇలాంటి రసాయనాలు ఎక్కువగా చేరతాయి. శుభ్రం చేసేటప్పుడు పూర్తిగా తీయించండి.

• ఒకే రకం కాకుండా మార్చి మార్చి తెచ్చుకోండి. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు లాంటి చిన్న సముద్రపు చేపల్లో ఒమేగా-3 ఎక్కువ, పాదరసం తక్కువ. ధరా తక్కువే.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొర లాంటి పెద్ద వేటచేపలకు దూరంగా ఉండాలి. పెద్ద వంజరం ముక్క ఎప్పుడో ఒకసారి చాలు. ఇది ఓడ రంగు వల్ల కాదు, పాదరసం వల్ల.

• చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె, కొర్రమీనుకు ఓడ రంగుతో సంబంధమే లేదు. వాటి విషయంలో తాజాదనం చూసుకుంటే చాలు. కళ్లు నిగనిగలాడుతూ, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి.

గోడ రంగులో సీసం

రాయదుర్గంలో కాపురముండే కుటుంబానికి సముద్రపు రంగు కన్నా దగ్గరి ముప్పు ఇంటి కిటికీ గ్రిల్‌ మీదే ఉండొచ్చు. పాత ఎనామిల్‌ రంగుల్లో సీసం కలిపేవారు. రంగు మెరవడానికి, త్వరగా ఆరడానికి అది పనికొచ్చేది. ఆ రంగు పెచ్చులూడి పొడైతే, నేల మీద పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దీనికి ‘ఇంతవరకు ఫరవాలేదు’ అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, మించకూడదు. ఆ సంగతి డబ్బా మీద రాసి ఉండాలి. అయితే ఈ హద్దు ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే. పరిశ్రమల కోసం తయారయ్యే రంగులకు వర్తించదు. పెయింటర్‌ ఎక్కడో మిగిలిన డబ్బా తెచ్చి గ్రిల్‌కో, ఉయ్యాలకో వేస్తే మనకు తెలియదు. అందుకే..

• రంగు డబ్బాలు మీరే కొనండి. లేదా తెరవక ముందే లేబుల్‌ చూడండి. సీసం ప్రస్తావన లేకపోతే వెనక్కి పంపండి.

• పిల్లల మంచం, ఉయ్యాల, బొమ్మలకు పరిశ్రమల రంగులు, ఓడ రంగులు, వాహనాల రంగులు వాడనివ్వకండి.

• పాత రంగును పొడిగా గీకించొద్దు, మంటతో కాల్చి ఊడగొట్టనివ్వొద్దు. తడిపి గీకించండి. కింద ప్లాస్టిక్‌ పట్టా పరిచి, పెచ్చులను మూటగట్టి పారేయండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

• ఆ రెండు మూడు రోజులు గర్భిణులను, పిల్లలను ఇంకో ఇంట్లో ఉంచడం మేలు.

• పని చేసేవారికి మాస్కు, చేతి తొడుగులు మీరే ఇవ్వండి. వాళ్ల బట్టల మీది ధూళి వాళ్లింట్లో పిల్లలకూ చేరుతుంది.

• ఇనుము, క్యాల్షియం తక్కువగా ఉన్న పిల్లల ఒంట్లోకి సీసం మరింత తేలిగ్గా ఎక్కుతుంది. ఆకుకూరలు, రాగులు, పాలు, గుడ్లు, పప్పు పెట్టండి. పాత ఇంట్లో ఉంటూ బిడ్డ పెచ్చులు నోట్లో పెట్టుకుంటున్నా, రక్తహీనత తగ్గకపోతున్నా రక్తంలో సీసం పరీక్ష గురించి పిల్లల డాక్టర్ని అడగండి.

సందేహాలూ.. సమాధానాలూ

బీచ్‌లో స్నానం చేస్తే ప్రమాదమా? ఓడ రంగుల విషయంలో భయం అక్కర్లేదు. బయటి సముద్రంలో అలలకు నీరు మారిపోతూ ఉంటుంది. లోపలి రేవుల్లో, మురుగు కలిసేచోట మాత్రం దిగొద్దు.

మా నాన్న షిప్‌యార్డులో రంగు పని చేసేవారు. పరీక్షలు చేయించాలా? టీబీటీ ఒంట్లో ఏళ్ల తరబడి నిలవదు. కానీ ధూళిలో సీసం, సిలికా వంటివీ ఉంటాయి కాబట్టి దగ్గు, ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల డాక్టర్ని కలవండి. ఏ పని ఎన్నేళ్లు చేశారో వివరంగా చెప్పండి. చాలామంది ఆ ముక్క చెప్పడం మరచిపోతారు.

ఒప్పందం ఉంది కదా, ఇక చింత దేనికి? టీబీటీ రంగు మార్కెట్లోకి వచ్చింది 1960ల్లో. ప్రపంచం దాన్ని ఆపింది 2008లో. నడుమ నలభై ఏళ్లకు పైనే. దాని స్థానంలోకి వచ్చిన నాచు మందును ఆపేసరికి 2023. కొత్త రసాయనం సురక్షితమని తేలాకే వాడటం, తేలేదాకా ఆగడం అనే పద్ధతి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. ఆ లోపు మన ఇంటి మేరకు జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. ఈసారి రంగు వేయిద్దామనుకున్నప్పుడు షేడ్‌ కార్డు తిరగేసే ముందు, డబ్బా వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాలు చదవండి.